మా అక్క కథ దిద్దిన మాస్టారు

మంగళవారం పొద్దున్న మా తెలుగు మాస్టారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. అనాయాసంగా వెళ్లారని అందరూ అన్నారు. నాకు ఆ మాటతో ఊరట కలగలేదు. నేను రాసింది చదివి ముఖం చిట్లించే మనిషి ఇక లేరు.

బరంపురంలో ఒడియా బడిలో తెలుగు చెప్పేవారాయన. రిటైరయ్యాక ఆదివారాలు గేట్ బజార్ సందులోని తన ఇంట్లో మాలాంటి రాతగాళ్లను కూర్చోబెట్టుకునేవారు. నేనప్పుడు మా ఊరు చికిటి నుంచి వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నా వాక్యాలు బారెడు పొడవుండేవి. "కర్తని చికిటిలో వదిలేసి, క్రియతో బరంపురం బస్సెక్కేశావేటిరా?" అనేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, నాచేతే పైకి చదివించేవారు. బజార్లో కొట్టు బోర్డు మీద తెలుగు తప్పు కనబడితే ఆయన కాళ్లు కదిలేవి కావు. లోపలికెళ్లి కొట్టాయన్ని ఒడియాలో బతిమాలేవారు. పక్కన నిలబడాలంటే మాకు సిగ్గేసేది. ఇవాళ నాలుగు కథలు చదవబుద్ధయ్యేలా రాశానంటే ఆయన చలవే.

కథల విషయంలో ఆయనది ఒకటే పట్టు. ఎవరి గురించి రాశామో వాళ్లకి ముందు చదివి వినిపించాలి. ఆ తర్వాతే ఆయన పెన్సిల్ తీసేవారు.

నేను మా అక్క గురించి రాశాను. నేను పుట్టకముందు సంగతి. నాలుగేళ్ల పిల్లకి జ్వరమొస్తే అమ్మ బరంపురం ఆసుపత్రికి తీసుకొస్తోంది. బస్సులో, అమ్మ ఒళ్లోనే పోయింది. ఇంతకుమించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నా కథలో అమ్మ బస్సు ఆపించి, దేవుణ్ణి నిలదీసి, పేజీన్నర ఏడ్చింది. పత్రికల్లో చదివిన భాషంతా ఆమె నోట్లో పెట్టాను.

ఊరెళ్లి చదివాను. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ చివరిదాకా విని, "పాపం, ఎవులో ఆయమ్మ" అంది.

మాస్టారికి చెబితే నవ్వలేదు.

"ఆ రోజు ఏటి జరిగిందో మీ అమ్మని అడిగావా?"

"ఎలా అడగమంటారండీ?"

"తప్పులు నేను దిద్దుతాను. అడగడం నీ పని."

నాకు ఒళ్లు మండింది. పిల్ల పోయింది ఈయనకా అనుకున్నాను. మూడు నెలలు ఆ సందులో అడుగు పెట్టలేదు. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం.

ఒకనాడు అమ్మని కంటి డాక్టరుకి చూపించడానికి బరంపురం తెచ్చాను. మాస్టారు దారిలో ఎదురుపడి, వినకుండా తన ఇంటికి తీసుకెళ్లారు. నా కథ ఊసే ఎత్తలేదు. కాసేపటికి నేనే నోరు తెరిచాను. "అమ్మా, ఆ రోజు బస్సులో ఏటి సేశావు?"

అమ్మ గోడకేసి చూస్తూ చెప్పింది.

"పిల్ల పోయిందని ఎవులికీ సెప్పనేదు. దించెత్తారని బయమేసింది. ఏడిత్తే తెలిసిపోద్ది కదా. ఆస్పత్రి కాడ దిగిందాకా జోకొడతానే ఉన్నాను."

మాస్టారు లేచి వీధి తలుపు దగ్గరగా వేశారు. వచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"పిల్ల పేరేటమ్మా?"

కథంతా 'పాప' అని రాసి ఊరుకున్నాను. అక్క పేరు నాకే తెలీదు. అమ్మ చెప్పింది. మాస్టారు ఆ పేరుని నెమ్మదిగా ఒకసారి పలికారు. అవునన్నట్టు అమ్మ తలూపింది.