జనార్ధనం చెట్టి ‘మనిషి మందు’

1987లో తిరుత్తణి కిరాణా వ్యాపారి జనార్ధనం, కొత్త ఇన్సులిన్ సీసా మీద ‘హ్యూమన్’ అని చదివి, స్టూలనుకుని బెల్లం బుట్టలో కూర్చున్నాడు. చక్కెర జబ్బు కాబట్టి, బుట్టను భార్య మీనాంబ పక్కకు లాగింది.

"మనిషిని కోసి తీసిందా? నాకొద్దు," అన్నాడు.

ఇన్నాళ్లూ పొడిచిన మందు పశువుల క్లోమం నుంచి తీసిందని, మాంసం ముట్టని సైవం భర్తకు తెలియకుండా ఆమె తొమ్మిదేళ్లుగా దాచింది. ఇప్పుడది ఊళ్లో దొరకడం లేదు.

"మనిషిని ముట్టరంట. మన ఒంట్లో ఇన్సులిన్ చేసే జీన్‌కు నకలు తీసి సూక్ష్మక్రిమిలో పెడతారంట. ఆ క్రిములు ఇడ్లీపిండి మాదిరి పొంగతా మందు చేస్తాయని డాక్టరు చెప్పినాడు."

"పిండిలో మనిషిని కలిపితే ఆ ఇడ్లీ తింటావా?"

సూది మానేసిన రెండో రోజుకు అతని నోట కుళ్లిన పండు వాసన మొదలైంది. ఊపిరి కొలిమితిత్తిలా ఎగసింది. మూడో రోజు పిలిస్తే పలకలేదు. ఆ వాసన వచ్చి పలుకు ఆగితే గడువు గంటల్లోనే ఉంటుందని ముందే హెచ్చరించిన డాక్టరు పరుగున వచ్చి సెలైన్ ఎక్కించాడు. మీనాంబ ఆ ‘హ్యూమన్’ సీసానే సూది వెయ్యమని ఆయన చేతికిచ్చింది.

మర్నాడు కళ్లు తెరిచిన జనార్ధనం ఏడుపు గొంతుతో అన్నాడు: "సైవం మనిషిని, నా చేత మనిషిని తినిపించినావు గదే!"

"ఇరవై ఏండ్లుగా నన్ను పీక్కుతింటా ఉండారే, అప్పుడు యాడికి పోయింది మీ సైవం?"