పటం దింపిన అక్కగారు

నిన్న మహాలయ అమావాస్య. లోకం విడిచినవారు తమవారి వాకిట నిలిచి, తలచేవారెవరైనా ఉన్నారా అని చూసే తిథి ఇదని మన పెద్దలు నమ్మారు. ఆ నమ్మకంలో భయం కన్నా మర్యాద ఎక్కువ. వాకిటికి వచ్చినవారిని ఆకలితో పంపరాదన్న గృహస్థధర్మాన్ని మృత్యువుకు అవతలి ఒడ్డు దాకా పొడిగించిన మర్యాద అది. ఈ యేడు ఆ వాకిట నిలిచేవారిలో మా ఎదురింటి అక్కగారు చేరారు. శ్రావణం ముగియకముందే, రియాద్‌లో, కుమారుని ఇంట, ఆమె నిద్రలోనే వెళ్ళిపోయారు. "బాబాయిగారూ, అత్తమ్మ కాఫీకి లేవలేదు" అని ఆమె కోడలు మా తలుపు తట్టినప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆ ఇంట కాఫీ వేళకు లేవనివారు ఎవరైనా ఉంటారేమో గాని, ఆమె మాత్రం కాదు.

ఆమెది అనంతపురం సీమ. ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం బోధించి, భర్త గతించాక కొడుకు దగ్గరికి వచ్చారు. నేను కుమార్తె ఇకామా, అంటే నివాస అనుమతి, నీడన ఇక్కడ కాలం గడుపుతున్న తెలుగు పంతులును. రెండిళ్ళ గుమ్మాలూ ఎదురెదురు. నేను పద్యం చదివితే ఆమె తమ వంటింట్లోంచే తీర్పు చెప్పేవారు: "నీ సీసం ముగిసేలోపల నా పప్పు ఉడికిపాయ తమ్ముడూ. తేటగీతి తిన్నాక సదువుదువులే, రా."

ఎవరు కొత్తగా పరిచయమైనా మొదట ఊరడిగేవారు. తరువాత వాళ్ళింట్లో గతించిన వారి పేర్లడిగేవారు. ఉద్యోగమేమిటో, జీతమెంతో ఎన్నడూ అడగలేదు. శుక్రవారం బతా బజారుకు కూరగాయలకు వెళ్తే, అరటాకుల దుకాణం ముందు నిలబడి, ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళతో ఈ పేర్ల ముచ్చటే సాగేది. భాద్రపద అమావాస్య రాగానే ఆ పేర్లన్నింటికీ కలిపి మేడమీద ఆకులు పరిచేవారు. ఈ నగరంలో కాకి కనబడడం అరుదు. పావురాలు వచ్చి ముట్టేవి. "పావురం ముడితే పెద్దలకు చేరుతుందా అక్కా?" అని నేను ఆటపట్టిస్తే, "ఎందుకు చేరదు? పోయినోళ్ళకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అక్కరలేదు నాయనా. యా రెక్కల మీదైనా వస్తారు" అనేవారు.

మా భవనంలోని తెలుగు కుటుంబాలు దీన్ని చూసి నవ్వేవి. "టీచరుగారై ఉండి ఇదేం చాదస్తమండీ" అని మా తెలుగు సంఘం అధ్యక్షుడు నా ఎదుటే అన్నాడు. సంఘం వాట్సాపులో ఒకాయన మూఢాచారమని వ్యాసమే రాశాడు. అక్కగారు ఆ వ్యాసానికి ఇచ్చిన జవాబు, ఆ ఇంటికి ఒక గిన్నెడు పాయసం.

ఇక నా కోపానికి మూలమైన మనిషిని చెప్పాలి. ఆమె పేరు నూకరత్నం. కోనసీమ నుండి ఒక సౌదీ ఇంట పనికి వచ్చి, అక్కడి కష్టం ఓర్వలేక బయటపడి, తెలుగువారి ఇళ్ళలో వంట చేసి బ్రతికింది. కాగితాలు లేని బ్రతుకు. అధ్యక్షుడి ఇంట ఆమె చేసిన పూర్ణాలు మేమందరం తిన్నాం. పోయినేడు వేసవిలో జబ్బుపడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. ఆమె వంట తిన్న ఇళ్ళలో ఒక్కరైనా, ఈమె మాకు తెలుసునని చెప్పడానికి ఆసుపత్రికి వెళ్ళలేదు. అక్కగారు వెళ్ళారు. "నీకేమవుతుంది?" అని అక్కడివారు అడిగితే "చెల్లెలు" అన్నారు. పనికి రప్పించిన యజమాని, కఫీలు, సంతకానికీ, కోనసీమలో ఉన్న ఒకే ఒక్క తోబుట్టువు అంగీకారానికీ ఎదురుచూస్తూ ఆ శరీరం చాలాకాలం శవాగారంలో ఉండిపోయింది. చివరికి ఈ ఇసుకలోనే ఎక్కడో పూడ్చారు. చోటు మాకెవరూ చూపలేదు. భర్త లేడు, పిల్లలు లేరు.

ఆ తరువాత కొన్నాళ్ళకే, చాదస్తమన్న ఆ పెద్దమనుషులే మెక్సికో యాత్రకు బయలుదేరారు! మృతులను గౌరవించే అక్కడి సంప్రదాయాన్ని దగ్గరుండి అనుభవించడానికట. గైడు, హోటలు, ముఖాలకు పుర్రె రంగులు అన్నీ కలిపిన ప్యాకేజీ. మేడమీద మన అమ్మ పరిచిన ఆకు అనాగరికం. సముద్రాలవతల ఇంకొక అమ్మ పేర్చిన రొట్టె సంస్కృతి! ఇంటి దీపాన్ని ఆర్పి, పొరుగూరి దీపాన్ని టిక్కెట్టు కొని చూసే ఈ పాండిత్యం ఏ గురువు దగ్గర నేర్చారో నాకు తెలియదు.

నేను రానన్నాను. అక్కగారు మాత్రం పేరిచ్చేశారు. "వాళ్ళ పెద్దలకు వాళ్ళు ఏం వండుతారో సూడాల. నువ్వూ రా తమ్ముడూ. ఆ పుర్రెల మధ్య నన్నొక్కదాన్నే ఇడుస్తావా?" అన్నారు. వెళ్ళాను.

పొద్దు వాలే వేళ ఒక చిన్న ఊరి శ్మశానానికి మమ్మల్ని తీసుకువెళ్ళారు. సమాధులన్నీ బంతిపూలు. కొవ్వొత్తులు, పండ్లు, రొట్టెలు, పోయినవారి పటాలు. పిల్లలు సమాధుల మధ్య కూర్చుని తింటున్నారు, తాతలు పాడుతున్నారు. అంత నిండుదనంలోకి పుర్రె ముఖాలతో మా బృందం ఫోనులెత్తి దిగింది. అధ్యక్షుడు ఒక సమాధి మీద నుండి రొట్టె తుంచి నోట వేసుకున్నాడు. గైడు అమ్మాయి నిర్ఘాంతపోతే, "ప్రసాదమే కదా!" అన్నాడు. అక్కగారు గేటు దగ్గర అమ్ముతున్న రొట్టె ఒకటి కొని తెచ్చి, ఆ సమాధి మీద ఉంచి, ఆ ఇంటివారికి చేతులు జోడించారు.

కొంచెం అవతల ఒక ముసలామె ఒంటరిగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆ సమాధి మీద పటం లేదు. అక్కగారు గైడును పిలిచి, "ఈయమ్మకు ఏమైతారు లోపలున్నోళ్ళు?" అని అడిగించారు. జవాబు తిరిగివచ్చింది: ఎవరూ కారు. ఎక్కడి నుండో పనికి వచ్చి ఈ ఊళ్ళో పోయిన మనిషి. వచ్చేవారెవరూ లేరు గనుక ప్రతి యేడూ తానే వస్తుందట.

అక్కగారు నా వైపు తిరిగారు. "మీ తర్పణంలో ఇట్లాంటిదొకటి ఉండాదంటివి కదా తమ్ముడూ?"

"ఉందక్కా. తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేకుండా పోయినవాళ్ళ కోసం, చివర తడిబట్ట పిండిన నీళ్ళు విడుస్తాం."

"పిండిన నీళ్ళా! ఈయమ్మ కుర్చీ ఏసుకోని తోడు కూసుండాది సూడు. మనం బట్ట పిండుకోని, దులుపుకోని పోతిమి."

 అక్కగారు ముసలామె పక్కన నేలమీదే కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. బస్సు హారను మోగింది, మళ్ళీ మోగింది. గైడు వచ్చి బ్రతిమాలేదాకా ఆమె లేవలేదు.

తిరిగివచ్చాక మా సంఘం మెక్సికో పద్ధతిలో ఒక స్మృతిసంధ్య తలపెట్టింది. ఊరి శివార్లలో ఇస్త్రాహా అనే విడిదితోట ఒకటి అద్దెకు తీసుకున్నారు. మెట్లుమెట్లుగా బల్ల, దానిమీద ప్లాస్టిక్ బంతిపూలు, ఒక్కొక్క కుటుంబం తెచ్చిన పెద్దల పటాలు. అక్కగారు రెండు పటాలు తెచ్చారు. ఒకటి భర్తది. రెండవది, తమ వంటింట్లో పిండి చేతులతో నవ్వుతున్న నూకరత్నానిది.

అధ్యక్షుడు ఆమెను పక్కకు పిలిచాడు. "మేడమ్, సెన్సిటివ్ ఇష్యూ అండీ. ఆ పనావిడ ఎవరి వీసా మీద వచ్చిందో, ఎవరింట్లో చేసిందో... రేపు ఎవరైనా ఈ ఫోటో బయట పెడితే అందరికీ ఇబ్బంది. అయినా ఇది మన ఫ్యామిలీస్ పెద్దల కోసం కదండీ."

"యా ఇంట్లో చేసినాదో నాకు తెలీదా నాయనా? నీ బిడ్డ పుట్టినదినానికి పూర్ణాలు సుట్టింది యా చేతులు?"

"అది కాదు మేడమ్..."

"పనావిడ అంటివే. పేరుండాది ఆ బిడ్డకు. ఒక్కసారి పలుకు. పలికితే ఈ పటం నేనే తీసేస్తా."

అతడు పలకలేదు. సభలో ఎవరమూ కదలలేదు. అక్కగారు నింపాదిగా బల్ల దగ్గరికి వెళ్ళి తమ భర్త పటాన్ని దింపి కొంగుతో తుడిచారు. "మేము పోతాంలే. వండిన మనిషికి చోటులేని పంక్తిలో ఈయనకు ముద్ద దిగదు" అన్నారు. రెండు పటాలనూ రొమ్ముకు హత్తుకుని బయటికి నడిచారు. నేను వెంట నడిచాను.

దానధర్మాల మీద, అతిథి మర్యాద మీద ఎన్నో పద్యాలు కంఠస్థం చేసినవాణ్ణి. ఆ నడకకు సాటి రాగల పద్యం నాకొక్కటీ తోచలేదు.

ఇప్పుడు ఆమె లేరు. ఆమె కాగితాలు సక్రమంగా ఉన్నాయి గనుక ఆమె శరీరం త్వరగానే సొంత ఊరు చేరింది. గడచిన వారం అధ్యక్షుడు ఫోను చేశాడు. ఈ అమావాస్యకు మళ్ళీ స్మృతిసంధ్యట. బల్ల పైమెట్టున అక్కగారి పటమట. కింద చెక్కించడానికి నేనొక పద్యం రాయాలట. "మన సంఘానికి ఆవిడ తల్లిలాంటిది కదండీ" అన్నాడు. ఆ తల్లి బ్రతికుండగా అడిగిన ఒక్క కోరిక తీర్చని నోటితోనే అన్నాడు!

"పక్కన నూకరత్నం పటం పెడతారా?" అన్నాను.

"ఇంకా అదేనా మాస్టారూ..."

"ఇంకా అదే."

పద్యం రాయనన్నాను. బ్రతికున్నప్పుడు వినని మాటను చనిపోయాక చెక్కించడం గౌరవం కాదు, చోద్యం. మంచివారి పటాలను మన గోడల అలంకారానికి వాడుకునే ఈ అలవాటు మన జాతికి ఎప్పుడు పట్టిందో గాని, దీన్ని శ్రాద్ధమని పిలవడానికి నా నాలుక ఒప్పుకోదు. పటం కోసం వాళ్ళు అక్కగారి కోడలి దగ్గరికి వెళ్ళారు. నిండు నెలల మనిషి ఆ పిల్ల. గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, "అత్తమ్మ ఒంటరిగా రాదండీ" అన్నది. నిన్నటి స్మృతిసంధ్య ఆమె పటం లేకుండానే జరిగిందని విన్నాను.

ఇక్కడ, ఆమె ఇంట, ముందుగదిలో పీటమీద అక్కగారిదీ నూకరత్నానిదీ రెండు పటాలు పక్కపక్కన నిలిచాయి. నిన్న శుక్రవారం గనుక సెలవు దొరికిన ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చారు. బతాలో ఆమెకు పేర్లు చెప్పినవారే. పిలుపులేమీ వెళ్ళలేదు. అధ్యక్షుడి భార్య కూడా పూర్ణాల గిన్నెతో వచ్చి, "ఆవిడ చేసినట్టు రాలేదండీ" అని నాతో కాక నూకరత్నం పటంతో చెప్పింది. ఆయన కింద కారులో కూర్చున్నాడట. పైకి రాలేదు.

కోడలు అన్నం వడ్డించి, ఏమి చెప్పాలో తెలియక, "నూకరత్నంగారు" అన్నది. ఆ వెనుక నుండి ఒకామె, "మా అమ్మ అప్పాయమ్మ" అన్నది. "మా తమ్ముడు శ్రీను, జిజాన్‌లో పోయాడు" అన్నది మరొకామె. "మా ఆయన." "పేరు చెప్పవే!" "సిగ్గేస్తందే... సూరిబాబు." నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ పేర్లు చెప్పారు. గదిలో చోటు చాలక కొందరు గుమ్మం దాటి మెట్లమీద కూర్చున్నారు. ఆ మెట్ల మీది నుండి కూడా పేర్లు పైకి వస్తూనే ఉన్నాయి.

ఆ ఇంట పుట్టబోయే బిడ్డకూ, మా తరువాత ఈ ఇసుకనేల మీద పొయ్యి వెలిగించబోయే వారందరికీ వృద్ధుడి దీవెన ఇది: మీరు వండిన ఇంట మీకొక పీట ఉండుగాక. మీ పేరు పలకడానికి ఎవరికీ భయం లేకుండుగాక. మీ పంక్తిలో ఎవరూ లేనివారికి మొదటి ఆకు వేయగల చేతులు మీకు కలుగుగాక. ఆ చేతులతో మీరు నిండు నూరేళ్ళు వర్ధిల్లుదురుగాక.