కోపి-ఓ ఎదురొచ్చిన వేళ

2025వ సంవత్సరం. సింగపూర్‌లో ఎక్కువమంది ఉండే ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లుల్ని పెంచుకోవచ్చని అనుమతి వచ్చిన మరుసటి ఏడాది. అంతకుముందు పెంచుకునేవాళ్ళు లేరని కాదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అందరూ పెంచుకుంటూ, ఎవరికీ తెలియదనుకునేవాళ్ళు. అనుమతి వచ్చాక ఆ దాపరికం పోయి, మా షెల్టర్‌కు పిల్లి కావాలని అడిగే ఫోన్లు పెరిగాయి.

ఊరి చివర పొలాలూ నర్సరీలూ ఉన్న వైపున మా షెల్టర్. నేనక్కడ రీహోమింగ్ ఆఫీసర్‌ని, అంటే దిక్కులేని కుక్కలకీ పిల్లులకీ ఇళ్ళు వెతికే మనిషిని. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "చుట్టాల పిల్లలకు సంబంధాలు చూడమంటే చూడవు గానీ, పిల్లులకు మాత్రం పెళ్ళిళ్ళ పేరమ్మవయ్యావు" అంటుంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ముందు హోమ్ విజిట్, అది మా పెళ్ళిచూపులు. కిటికీలకు వల బిగించారా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని చూసుకుంటాం. తర్వాత కొన్నాళ్ళు ట్రయల్. జంతువును వాళ్ళింట్లో ఉంచి, ఇద్దరికీ పొసిగితేనే కాగితాల మీద సంతకాలు. పొసగకపోతే మారు మాట్లాడకుండా వెనక్కి తెచ్చుకుంటాం. వద్దన్న ఇంట్లో పిల్లిని వదిలి రావడం కంటే పాపం ఇంకొకటి లేదు.

ఆ ఏడాది లిమ్ అంకుల్ మా దగ్గరికి వచ్చారు. బెడోక్‌లోని ఒక హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఆయన కాఫీ అంగడి నడిపేవారు. కూరగాయల ట్రాలీలో ఒక అట్టపెట్టె, పెట్టెలో ఒక నల్లపిల్లి. పేరు కోపి-ఓ. ఇక్కడ పాలు లేని నల్ల కాఫీని అలా అంటారు. ఎక్కడా ఒక్క తెల్ల వెంట్రుక లేదు, కళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"నా గుండె బాగాలేదు, ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. అంగడి మూసేశాను. అమ్మాయి ఇంటికి మారాను. అల్లుడికి ఆస్తమా, పిల్లి ఉంటే ఊపిరాడదు" అన్నారు ఆయన. ఆయనది ఇంగ్లీషులో కూడా పొదుపుగా మాట్లాడే తీరు. చివరికి, "షీ గెట్ హోమ్ ఫస్ట్, దెన్ ఐ గో హాస్పిటల్" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మర్నాడే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నాన్న ఆపరేషన్ తేదీ వాయిదా వేయించుకున్నాడట. పిల్లికి ఇల్లు దొరికేదాకా కత్తి కింద పడుకోనని డాక్టర్‌కే చెప్పేశాడట. "ప్లీజ్ లా, ఆంటీ. డాక్టర్ ఎక్కువ రోజులు ఆగకూడదన్నారు" అంది. ఇక్కడివాళ్ళు మాట చివర ఊరికే తగిలించే 'లా' కూడా ఆ పూట బతిమాలినట్టే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో జంతువు ప్రాణం నా చేతిలో పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, మనిషి ప్రాణం పెట్టినవాళ్ళు మాత్రం లేరు. నిజం చెప్పాలంటే ముసలాయన మీద నాకు ఒళ్ళు మండింది.

పైగా నల్లపిల్లికి సంబంధం కుదర్చడం కష్టం. ఆ విషయంలో చైనీస్, మలయ్, ఇండియన్ అన్న తేడా లేదు, అందరిదీ ఒకటే మాట. "చాలా బాగుంది, ఆ పక్కన ఉన్న చారలది చూపిస్తారా?" అంటారు. దానికి తోడు కోపి-ఓ తిండి మానేసింది. లిమ్ అంకుల్‌ని అడిగితే, కాఫీ వడగట్టే పాత గుడ్డ సంచి ఒకటి తెచ్చి దాని గదిలో పడేశారు. ఆ సంచి మీద తల పెట్టుకుని పడుకుంది, సాయంత్రానికి గిన్నె ఖాళీ చేసింది. పుట్టినప్పటినుంచీ కాఫీ వాసనలో పెరిగిన పిల్లి, మరి దానికి అదే అమ్మ ఒడి.

మేం నెలకోసారి ఏదో ఒక పేటలో అడాప్షన్ డ్రైవ్ పెడతాం. షెల్టర్ ఊరికి దూరం కాబట్టి జంతువుల్నే జనం మధ్యకు తీసుకెళ్తాం. వలంటీర్లు బోన్లు మోస్తారు, ఆ పేటలో వీధి పిల్లులకు అన్నం పెట్టేవాళ్ళు వచ్చి తెలిసినవాళ్ళందరినీ పిలుచుకొస్తారు. అలా బెడోక్‌లో పెట్టిన రోజున కిరణ్, స్రవంతి, వాళ్ళ పాప ఆన్య వచ్చారు. కిరణ్‌ది వన్-నార్త్ అనే కంపెనీల పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని చేతిలో దారం కట్టిన ప్లాస్టిక్ సంచిలో వేడి కాఫీ వేలాడుతోంది. అంతసేపూ జనానికి వీపు చూపించి కూర్చున్న కోపి-ఓ లేచి వచ్చి, బోను సందులోంచి అతని మోచేతిని తలతో పొడిచింది.

"డాడీ, షీ చోజ్ యూ లా!" అని ఆన్య గంతేసింది. నేనూ లోపల గంతేశాను, పైకి మాత్రం ఫారం ఇచ్చాను.

హోమ్ విజిట్‌లో అన్నీ కుదిరాయి. కిరణ్ వాళ్ళమ్మ సీతారావమ్మగారిది చీరాల. మనవరాలు పుట్టినప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అప్పటికే భర్త పోయారు. డికాషన్ కాఫీ ఇచ్చి, "నాకేం ఇబ్బందమ్మా? దాని మానాన అది ఓ మూల పడుంటది" అన్నారు. వంటింట్లో కాఫీ ఫిల్టర్ చూశాక నాకిక అనుమానం లేకపోయింది. లిమ్ అంకుల్ వాళ్ళమ్మాయి ఇల్లు కూడా అక్కడికి నాలుగడుగులే. ట్రయల్ మొదలైంది, ఆయన ఆపరేషన్‌కు కొత్త తేదీ తీసుకున్నారు.

వారం తిరగకుండానే స్రవంతి ఫోన్. "ఆంటీ, సారీ. కోపి-ఓని వెనక్కి తీసుకెళ్ళిపోండి. అత్తయ్యగారు ఒప్పుకోవట్లేదు. రోజూ పొద్దున్నే ఇంట్లో రామాయణమే."

మా పద్ధతి ప్రకారం బోను పట్టుకుని వెళ్ళాలి. కానీ గొడవ ఏ వేళ జరుగుతుందో ఆ వేళకు వెళ్ళి చూడడం నాకు అలవాటు. మర్నాడు వాళ్ళు ఆఫీసుకు బయల్దేరే వేళకు వెళ్ళాను. బ్లాక్ కింద వాయిడ్ డెక్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీగా ఉండే నేలమీద, బయటి అంచున ఉన్న బెంచీ మీద లిమ్ అంకుల్ కూర్చుని ఉన్నారు. రోజూ అక్కడే కూర్చుంటారట, పై అంతస్తు కిటికీలో పిల్లి కనిపిస్తుందేమోనని. నా చేతిలో ఖాళీ బోను చూసి ఆయనకు అర్థమైపోయింది. ఏమీ అడగకుండా లేచి నా వెనకాలే లిఫ్ట్ ఎక్కారు.

తలుపు తీసే ఉంది. కిరణ్ బ్యాగు తగిలించుకుని గుమ్మం దాటబోయాడు. కోపి-ఓ సోఫా కింద నుంచి వచ్చి, అతని కాళ్ళ ముందు నుంచి అడ్డంగా నడిచి, చెప్పుల స్టాండ్ పక్కన తీరిగ్గా కూర్చుంది.

"ఆగరా! పిల్లి ఎదురొచ్చింది, లోపలికొచ్చి కాసేపు కూర్చో" అని వంటింట్లోంచి సీతారావమ్మగారి కేక.

కిరణ్ వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ లేచాడు. పిల్లి మళ్ళీ ఎదురొచ్చింది. "రోజూ ఇంతే ఆంటీ" అంది స్రవంతి తల పట్టుకుని. "మొన్న ఆన్య స్కూల్ బస్సు పోయింది. ఈయన మీటింగుకి సగంలో వెళ్ళారు. అత్తయ్యగారైతే గుడికి వెళ్ళడమే మానేశారు." ఇంట్లోనే పిల్లి ఉంటే శకునానికి సెలవెక్కడిది?

లిమ్ అంకుల్ ఏం జరుగుతోందని అడిగారు. చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత గుండె పట్టుకుని నవ్వారు. నాకు భయమేసింది.

"మా అంగడి దగ్గరా అంతే చేసేది" అన్నారు. "తెల్లవారకముందే వెళ్ళేవాణ్ణి. షట్టర్ ముందు నుంచి అటు నుంచి ఇటు నడిచేది. షీ క్రాస్ ఆల్రెడీ, దెన్ ఐ ఓపెన్. అది నడవకుండా తెరిచిన రోజున బేరాలుండేవి కావు. దాని కాలు మంచిది."

నేను తెలుగులో చెప్పాను. వంటింటి గుమ్మం దగ్గర కర్టెన్ కదిలింది గానీ ఆవిడ బయటికి రాలేదు. ఆయన మాట ఆవిడకు అంత సులువుగా ఎక్కలేదు కూడా. "ఆయన దేశాచారం ఆయనది. అట్టాగని మన శకునాలు మారతయ్యా ఏంది?" అన్నారు కర్టెన్ వెనక నుంచే.

"ఇవతలికి రండి పిన్నిగారూ, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను.

"వాడెళ్ళనీ అమ్మా. వాడు గుమ్మం దాటేదాకా నేనిటు రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

ఆవిడ కర్టెన్‌ను ఇంకా దగ్గరికి లాక్కున్నారు. నాకు అప్పటికి తెలిసింది. తెలిశాక ఆ ప్రశ్న ఎందుకడిగానా అనిపించింది. భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదని మన పెద్దవాళ్ళు పెట్టిన ఆ దిక్కుమాలిన పట్టింపును, ఇన్ని సముద్రాలు దాటొచ్చి, ఇంత చిన్న ఫ్లాట్‌లో, ఎవరూ చెప్పకపోయినా ఆవిడ రోజూ పాటిస్తున్నారు. కొడుకు బయల్దేరే వేళకు వంటింట్లోకి తప్పుకుంటున్నారు.

కిరణ్ వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా... ఇన్నేళ్ళుగా కాఫీ పనిలో ఉంటావనుకున్నానే" అన్నాడు.

"కాఫీ పని ఎంతసేపురా?" అన్నారావిడ. గొంతు మామూలుగానే ఉంది. "నాకైతే తెలుసు, తప్పుకుంటా. ఆ మూగదానికి ఎవురు చెప్తారు? అందుకే తీసకపొమ్మన్నా. దాని మీద నాకేం కోపం లేదు. మధ్యాన్నమంతా నా దగ్గరే పడుకుంటది."

లిమ్ అంకుల్ నా వైపు చూశారు. అదీ చెప్పాను, నా ఇంగ్లీషు తడబడింది. ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఆయన కర్టెన్ వైపు తిరిగి, పెద్ద గొంతుతో, చెవిటివాళ్ళకు చెప్పినట్టు, "ఆంటీ! యు అండ్ కోపి-ఓ సేమ్ సేమ్! గుడ్ లక్!" అన్నారు.

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆవిడ కర్టెన్ తప్పించి ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఏం మనిషమ్మా ఈయన! నన్ను పిల్లితో పోలుస్తాడా?" అన్నారు. అంటూనే నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కిరణ్ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చాడు. వద్దురా, వద్దురా అంటూనే వచ్చారు. ఆవిడ ముందు నుంచే అతను బయటికి నడిచాడు. వెనకాల పిల్లి కూడా అడ్డంగా వెళ్ళింది, అది ఎవరి సంగతీ పట్టించుకునే రకం కాదు.

పట్టింపులు ఒక్క పూటలో పోవు. ట్రయల్ ఇంకొన్నాళ్ళు పొడిగించమని ఆవిడే అడిగారు. "వాడికి రోజులెట్టా పోతయ్యో చూద్దాం" అన్నారు, కొడుక్కి పరీక్ష పెట్టినట్టు. రోజులు ఎప్పటిలాగే పోయాయి, కొన్ని బాగా, కొన్ని మామూలుగా. బోను ఖాళీగానే వెనక్కి తీసుకెళ్ళాను. నా ఉద్యోగంలో అంత తేలికైన బరువు మోసిన రోజులు తక్కువ. తర్వాత స్రవంతి ఒక ఫొటో పంపింది. అందులో అత్తగారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నారు, ఒళ్ళో కోపి-ఓ ఉంది.

లిమ్ అంకుల్ ఆపరేషన్ రోజున నేను పొద్దున్నే వాళ్ళ బ్లాక్ దగ్గరికి వెళ్ళాను. టాక్సీ వచ్చి ఆగింది. వాళ్ళమ్మాయి సంచులు సర్దుతోంది. ఆయన మాత్రం ఎక్కకుండా నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. టాక్సీ తలుపు మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశారు. భయపడుతున్నారని అప్పుడు తెలిసింది నాకు. పిల్లి కోసం అని ఇన్నాళ్ళూ వాయిదా వేసిన దాంట్లో సగం ఆ భయమే అయ్యుండాలి.

అప్పుడు స్తంభాల మధ్య నుంచి సీతారావమ్మగారు వచ్చారు. ఉతికి ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, చంకలో పిల్లిని మోసే సంచి పెట్టుకుని. సంచి జాలీలోంచి రెండు పచ్చటి కళ్ళు కనిపిస్తున్నాయి. నా దగ్గర ఆగి, "చంకన పిల్లిని పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టుంది నా వరస. మా ఊళ్ళో చూస్తే రాళ్ళేస్తారు" అని గుసగుసగా అన్నారు.

తర్వాత ఆవిడ తల ఎత్తుకుని, తొందర లేకుండా, టాక్సీ ముందు నుంచి అటు నుంచి ఇటు నడిచారు. ఆ అడుగుల్లో ఎంత బెరుకుందో, దాన్ని ఎంత గట్టిగా అణచుకున్నారో చూసినదాన్ని నేనే. నా కళ్ళు నిండాయి. లిమ్ అంకుల్ ఆవిడ అవతలి పక్కకు చేరేదాకా ఆగారు.

"క్రాస్ ఆల్రెడీ" అన్నారు కూతురితో. "కెన్ గో."

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు సాయంత్రాలు ఆయన వాయిడ్ డెక్ అంచున అదే బెంచీ మీద కూర్చుంటారు. ఆవిడ ఫ్లాస్కులో డికాషన్ కాఫీ తెస్తారు. ఆయన అందులో పాలు ఎక్కువయ్యాయని వంక పెడతారు, ఆవిడ తెలుగులో తిడతారు. కోపి-ఓ పై అంతస్తు కిటికీలో వల వెనక కూర్చుని ఇద్దర్నీ చూస్తుంది.

పిల్లికి ఇల్లు వెతకడమంటే కిటికీలూ వలలూ చూడడమనుకునేదాన్ని. ఇప్పుడు హోమ్ విజిట్‌కు ఎక్కడికి వెళ్ళినా, ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను. ఈ ఇంట్లోంచి ఎవరైనా బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారు, ఎవరు లోపలికి తప్పుకుంటారు అని. పిల్లికి చోటుందో లేదో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.