బందరు సముద్రంలో సూర్యాస్తమయం

జ్ఞానరాజు బందరు సముద్రతీరం మీద ఇంగ్లీషులో ఇరవై నాలుగు పంక్తుల పద్యం రాశాడు. సముద్రాన్ని చూడకపోవడం అందుకేమీ అడ్డు రాలేదు. పెళ్లికి బందరు వెళ్లినప్పుడు చూడవలసిందే. కానీ సైన్సు చదివిన మనిషి గనక, తడిగాలికి ఊపిరితిత్తులు చెడతాయని మూడు రోజులూ మామగారింట్లో కిటికీలు మూయించుకుని కూర్చున్నాడు.

అప్పుడతను అమీర్‌పేటలో ఓ మిషన్ బడి మాస్టరు. 1938వ సంవత్సరం. కాపురం పంజాగుట్టలో, వాన పడితే లోపలికీ బయటికీ తేడా తెలియని ఒంటిగదిలో. ఏడు నెలల కొడుకు శాంతిరాజుకు దగ్గు. గంటకెన్నిసార్లు దగ్గాడో రాసుకుని జ్ఞానరాజు గ్రాఫు గీసేవాడు. గ్రాఫు చక్కగా వచ్చింది, దగ్గు మాత్రం పోలేదు.

అంతలో హెడ్మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. దానితో పాటు బడి వెనక కారని పెంకుటిల్లు వస్తుంది. ఎవరిని వేయాలో తేల్చేది మిషన్ నడిపే ఇంగ్లీషు దొరసాని. ఆవిడకు సైన్సంటే తలనొప్పి, ప్రకృతి కవిత్వమంటే ప్రాణం. అందుకే ఈ పద్యం. శనివారం టీ పార్టీలో చదవాలి.

శుక్రవారం భార్య నవోమికి అర్థం చెబుతూ వినిపించాడు. తెల్లని కొండలు, వాటి మీద వాలే పక్షులు, చివర బంగారు సూర్యుడు మెల్లగా అలల్లో మునిగిపోవడం. బందరులో పుట్టి పెరిగిన నవోమి పిల్లాడిని జోకొడుతూ అంతా విన్నది.

“ఏంటండీ, మా ఊళ్లో కొండలెక్కడివి? ఉన్నది బురద, ఎండుచేపల వాసనానూ.”

“జర ఆగు. కవిత్వంల ఎండుచేపలు పెడ్తరా ఎవరన్న?”

“పోనీ, కొండలుంచుకోండి. సూర్యుడు అందులో మునగడమేంటి? మాకు సముద్రం తూర్పున కదండీ! పొద్దు అందులోంచి లేస్తుంది. దిగేది మా ఇంటి వెనక తాటితోపులోకి.”

జ్ఞానరాజు చదివిన ఇంగ్లండు కవుల సూర్యుడు సముద్రంలోనే మునిగాడు. ఆ సముద్రం వాళ్లకు ఏ దిక్కున ఉందో చూసుకోవాలని బీఎస్సీ తలకు తట్టలేదు.

“ఇప్పుడు సూర్యుని లేపితే పద్యం మొత్తం కూలుతది. చివరికి చీకటి, గుండెల దిగులు... మస్తు కష్టపడ్డ నవోమీ.”

“దొరసాని గారు బందరు చూశారా?”

“ఏమో. చూసుంటే మన పని ఖతం.”

పిల్లాడు దగ్గాడు. జ్ఞానరాజు పద్యాన్ని ఉన్నదున్నట్టే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పద్యంలో సూర్యుడు మునగగానే దొరసాని కళ్లు తుడుచుకుంది. తమ దేశపు తీరం అచ్చం ఇలాగే ఉంటుందట. ఉండక ఏమవుతుంది? తెచ్చింది అక్కణ్ణుంచే కదా. ఆవిడ నవోమి వైపు తిరిగి, పుస్తకాల్లో నేర్చిన తెలుగులో అడిగింది.

“నవోమీ, నీవు బందరు దానవు గదా. మీ సముద్రము ఇట్లే యుండునా?”

నవోమి ఒళ్లోని పిల్లాడి గుండె మీద చెయ్యి వేసింది.

“అచ్చం ఇంతేనండీ, దొరసాని గారూ. పొద్దు రోజూ సముద్రంలోనే మునుగుతుంది. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని తీసికెళ్లి చూపించేవారు.”

దారిలో జ్ఞానరాజు అన్నాడు: “ఎంత పెద్ద అబద్ధం చెప్పినవే!”

“మీరు రాశారు, నేను చెప్పాను. ఇల్లెప్పుడిస్తారో కనుక్కున్నారా?”

సోమవారమే ఇచ్చారు. ఆ పద్యాన్ని బడంతా నేర్చుకోవాలని దొరసాని ఆజ్ఞ. కొత్త హెడ్మాస్టరు దగ్గరుండి నేర్పించాడు. బందరులో సూర్యుడు తూర్పున అస్తమిస్తాడని రెండు వందల మంది పిల్లలు తప్పు లేకుండా ఇంగ్లీషులో అప్పజెప్పారు. ఒక్కరూ ప్రశ్న వేయలేదు. క్రమశిక్షణ చాలా మెరుగుపడిందని దొరసాని రిపోర్టు రాసింది.