కందికట్టె పరిచిన దారి

నా చిన్నప్పుడు, పిరికివాడివని నేను తిట్టిన మనిషి ఒక్కడే, మా మేనమామ. తిట్టిన నోటితోనే ఈ సంగతీ చెప్పుకోవాలి కదా, చెబుతున్నాను.

మామ పడుచుతనంలో బొంబాయిలో ఒక ఇంగ్లండు దొర దగ్గర మెకానిక్‌గా పనిచేశాడు. ఆ దొర వయసులో ఉన్నప్పుడు రేసు కార్లు తోలి కప్పులు గెలిచాడట. తరువాత మన దేశమొచ్చి మోటారు కంపెనీ పెట్టాడట. అంత పెద్ద యజమాని అయ్యాక కూడా, అమ్మే ప్రతి బండి కిందా తెల్లచొక్కాతోనే పడుకుని చూసేవాడట. ఒకసారి రేసులో అందరికంటే ముందున్నవాడు, చక్రంలో ఏదో చప్పుడు విని కారు ఆపేశాడు. జనం నవ్వారు. దిగి చూస్తే చక్రం బోల్టులు ఊడొస్తున్నాయి. ఈ కథ మామ ఎన్నిసార్లు చెప్పాడో! గెలిచిన రేసుల గురించి చెప్పమంటే మాత్రం చెప్పేవాడు కాదు. నాకు చప్పగా అనిపించేది.

మామ నారాయణఖేడ్‌లో మోటారు షెడ్డు పెట్టుకుని, ఒక పాత జీపు నడిపేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం కంగ్టి దగ్గరి అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కబురందుకుని మామ జీపుతో వచ్చాడు. అమ్మను వెనక పడుకోబెట్టి అమ్మమ్మా నేనూ ఎక్కాం. రేసు దొర శిష్యుడు కదా, ఖేడ్ దవాఖానకు గాలిలో తీసుకుపోతాడనుకున్నాను.

అది కంది కోతల కాలం. మా వైపు కందికట్టె తెచ్చి రోడ్డు మీదే పరుస్తారు, వచ్చిపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. మామ దాని మీద నత్తనడకన పోయాడు. అది చాలదన్నట్టు, దాటగానే బండి ఆపి కిందికి దూరాడు. కాస్త దూరం పోగానే మళ్లీ కందికట్టె, మళ్లీ ఆపాడు. అమ్మ మూలుగుతోంది. అమ్మమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఏందిరా గిది! ఈడ అక్క పానం మీదికొస్తే నువ్వు బండి కింద పండుకుంటవా? జల్దీ తోలు!"

నేనూ ఏడుస్తూ అందుకున్నాను. "నీకు బుగులు మామా, నువ్వు పిరికోనివి!"

మామ కోపం తెచ్చుకోలేదు. నన్ను దింపి, వంగి చూడమన్నాడు. గిర్రున తిరిగే ఇనుప రాడ్డుకు కందికట్టె తాడులా చుట్టుకుని ఉంది. ఎర్రగా కాలిన పొగగొట్టం తగిలి నల్లబడి, సన్నగా రాజుకుంటోంది.

"గిది అంటుకుంటే అమ్మను ఏడ దించుతవ్ బిడ్డా?" అంటూ, చెయ్యి చుర్రుమంటున్నా ఆ కట్టెంతా లాగి పారేశాడు.

ఆ తరువాత ఖాళీ రోడ్డు వచ్చింది. అప్పుడు చూడాలి మా మామను! అమ్మమ్మ ఈసారి "మెల్లగ తోలురా, సచ్చిపోతం!" అంటూ ఉన్న దేవుళ్లందరినీ పిలిచింది.

అమ్మ బతికింది. తమ్ముడు పుట్టాడు. దవాఖాన బయట బల్ల మీద మామ బొబ్బలెక్కిన చేతులు ఊదుకుంటూ కూర్చున్నాడు. అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, పక్కన కూర్చుని ఆ చేతులకు నేనూ ఊదాను. మామ నవ్వి నా జుట్టు చెరిపాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎంత తొందరున్నా, బండి ఎక్కేముందు వంగి ఒకసారి కిందికి చూస్తాను. నానమ్మకు చాదస్తమని వాళ్లు నవ్వుతారు. మా తమ్ముడు మాత్రం నవ్వడు, నాకంటే ముందే వంగుతాడు.