పలకని చోటు

ఆ వార్త నాకు మొదట చెప్పింది సోగత్తూరు నాగమ్మత్త. పాపారపట్టిలో వేరుశనగ మండీ కాలినప్పుడు, ఇద్దరు కూలీలను బయటికి లాగిన ఫైరింజను మనిషి దూలం మీదపడి పోయాడు. ఆయన ఇత్తడి టోపీ నడినెత్తిన చీలిందట.

వారం ముందే తొప్పూరు బస్సులో ఆ టోపీని ఆయన ఒళ్లో చూశాను.

"సొట్ట పడితే కంచరితో కొట్టించినానక్కా. దెబ్బ తిన్నది పెట్టుకోవద్దంటారు. యుద్ధం ముగిసేదాకా కొత్తది రాదే!"

వేలితో చుట్టూ తట్టాడు. ఖంగుమంది. నడినెత్తిన మాత్రం పలకలేదు.

"బిందె మాదిరి సరైపోయింది కదక్కా?"

పలకని బిందెకు ఎక్కడో పగులున్నట్టే; దాన్ని నేను పూజకు ముట్టను. అయినా, "కొత్తదే అనుకుంటిని తమ్ముడా" అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏ బిందెను తట్టినా ఒకచోట పలకదు.

అమ్మలారా, సందెదీపం పెట్టేటప్పుడు పేరు తెలియని ఆ పుణ్యాత్ముణ్ని ఒక్కసారి తలచుకోండి.