బోరింగు దగ్గరి మనిషి

మొన్న సుపేలాలో ఆటో ఎక్కితే పక్కన కూర్చున్నావిడ నోట్లో లవంగం ఉంది. ఆ వాసన తగలగానే దిగిపోదామనిపించింది. ఇన్నేళ్లయినా నాకు లవంగం అంటే డాక్టరమ్మే. బుగ్గన ఒకటి పెట్టుకునేది. ఎదుటివాళ్లు మాట్లాడినంతసేపూ దాన్ని కొరికేది కాదు.

తొంభైల్లో మాట. పని కోసం మా ఊరొదిలి ఈ హిందీవాళ్ల దేశం వచ్చి, సుపేలా బజారు వెనక ఈ బస్తీలోనే ఉండేవాళ్లం. జాముల్ దారిలో ఒక చిన్న ఫౌండ్రీలో, కరిగిన ఇనుము అచ్చుల్లో పోసే పని మా ఆయనది. విశాఖపట్నం నుంచి డాక్టరమ్మ వచ్చి మా ముందుగది ఆరునెలలకి అద్దెకు తీసుకుంది. పనిచేసే చోట మనుషులు ఎందుకు భయపడతారు, తప్పులెందుకు దాస్తారు అని ఆవిడ పరిశోధన. డాక్టరమ్మ అనగానే పక్కింటి పార్వతి వదిన మోకాళ్ల నొప్పితో వచ్చేసింది. వాళ్లాయనా ఆ ఫౌండ్రీలోనే.

"నేను మందుల డాక్టర్ని కాదమ్మా. పనిచేసే చోట మనసులెలా ఉంటాయో చదువుకున్నాను."

"అలాగైతే మా ఆళ్ల ఫోర్‌మేన్‌ని సూడండి. రోగం ఆడికే ఉంది" అంది వదిన.

మగవాళ్లు ఆవిడకేమీ చెప్పలేదు. "సబ్ ఠీక్ హై మేడం" అనేసి పోయేవారు. అందుకని ఆడవాళ్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నాలుగో క్లాసు దాటని నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "ఒక్కటి అడుగు సత్యవతీ. తరవాత ఊరుకో. మొహంలోకి చూడకు, చేతులతో ఏదో పని చేసుకో. వాళ్లే చెబుతారు." నిజంగానే చెప్పేవారు. నాలో అంత పనితనం ఉందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ గర్వంలోనే ఒకరోజు నా ఇంటి మాట కూడా ఆవిడకి చెప్పేశాను.

ఫోర్‌మేన్ రోజూ పొద్దున్నే, ముందురోజు తప్పు చేసినవాణ్ని అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాడు. ఆ తిట్లకి జడిసి మా ఆయన కాలిన పాదాన్ని మూడురోజులు బూటులో దాచుకున్నాడు. డ్యూటీ నుంచి వస్తూ వీధి చివర బోరింగు గట్టు మీద పావుగంట కూర్చుంటేగాని ఇంట్లోకి వచ్చేవాడు కాదు. "సేతులు వణుకుతుంటే పిల్లలు సూస్తారే. తగ్గీవరకూ అక్కడ కూకుంటాను. ఎవులికీ సెప్పకు" అన్నాడు. నాతో మాత్రమే అన్నాడు.

ఆవిడ వెళ్లిపోయిన ఏడాదికి పుస్తకం అచ్చయింది. ఫౌండ్రీ యజమాని దాన్ని హిందీలో రాయించి, పనివాళ్లందరినీ కూర్చోబెట్టి చదివించాడు. బోరింగు దగ్గర కూర్చునే మనిషి, వణికే చేతులు, బూటులో కాలిన పాదం. అన్నీ ఉన్నాయి, పేరొక్కటే లేదు. మర్నాటి నుంచి సైకిళ్ల మీద పోయేవాళ్లకి అదే మాట: "ఏటి భయ్యా, వణుకు తగ్గిందా? ఇంటికెళ్లొచ్చా?"

ఆయన నన్ను తిట్టలేదు. బోరింగు దగ్గర ఆగడం మానేసి, వణికే చేతులతోనే తిన్నగా ఇంట్లోకి వచ్చేవాడు. కంచం విసిరేసిన రోజులున్నాయి. అన్నం పెట్టు, ఉప్పు తక్కువైంది, ఇంతకుమించి నాతో మాటల్లేవు.

ఆ పుస్తకం వల్ల మంచి జరగలేదని అనను. అందరి ముందూ తిట్టడం ఆగిపోయింది. కాలిందని చెప్పినవాణ్ని కసురుకోకుండా మందు రాసి పంపేవారట. ఎంతమంది కాళ్లు దక్కాయో. కానీ ఆ సంగతి నాకు పార్వతి వదిన చెప్పాల్సొచ్చింది. "అదేటి, మీ ఆయన సెప్పలేదేటి?" అని వింతగా చూసింది. పని ఉందని లేచి లోపలికెళ్లిపోయాను.

తరవాతెప్పుడో డాక్టరమ్మ మిఠాయి పట్టుకుని వచ్చింది. వేరే ఫ్యాక్టరీల వాళ్లు కూడా తన మాట వింటున్నారనీ, కాలేజీల్లో పిల్లలు చదువుతున్నారనీ సంతోషంగా చెప్పింది. నేను జరిగింది చెప్పాను.

"పేరు ఎక్కడా రాయలేదు కదా సత్యవతీ."

"మా వీధిలో బోరింగు ఒక్కటే ఉంది మేడం."

ఆవిడ బుగ్గన ఉన్న లవంగం కొరికింది. "నాకు తట్టలేదు" అంది. అంతమంది మనసులు చదివిన మనిషికి ఆ ఒక్కటీ ఎలా తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు. చెప్పొద్దన్న మాట చెప్పింది నేనే కాబట్టి, గట్టిగా అడగడానికి నోరు రాలేదు.

బస్తీలో ఎవరికి కష్టమొచ్చినా ఇప్పుడు నా దగ్గరికే వస్తారు. ఆవిడ నేర్పినట్టే ఒక్కటి అడిగి ఊరుకుంటాను. వాళ్లు చెప్పింది నా గడప దాటదు.

ఆయన పని మానేసి చాలా ఏళ్లయింది. నిన్న మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. మొహంలోకి చూడలేదు, ఏమీ మాట్లాడలేదు.

"ఎవులి కోసం అడుగుతున్నావు?" అన్నాడు.

"నేనేటీ అడగలేదు."

"ఇలాగ కూకోడం ఆవిడ నేర్పిందే కదా" అని, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు.